క్యాంపస్‌లో మిలిటరీ రిక్రూటర్లు, వీసా మీదున్న పిల్లలు: తీర్మానం పెట్టే ముందు

విభాగం: అమెరికా చదువులు, హక్కులు, వీసాలు

గోదారిగట్టు
ఒక స్టేట్ యూనివర్సిటీలో విద్యార్థి సెనేట్ ముందుకు తీర్మానం వస్తోంది. అందులో మూడు డిమాండ్లు. స్టూడెంట్ యూనియన్ లాబీలోంచి ఆర్మీ, మెరైన్ రిక్రూటర్ల (సైన్యంలోకి మనుషుల్ని చేర్చుకునేవాళ్ల) టేబుళ్లు ఎత్తేయాలి. విద్యార్థుల వివరాలు పెంటగాన్‌కి (రక్షణ శాఖకి) ఇవ్వకూడదు. వలస విద్యార్థుల జోలికి ఎవరూ రాకుండా క్యాంపస్ మొత్తాన్ని సురక్షిత ప్రాంతంగా ప్రకటించాలి. సంతకాలు సేకరిస్తున్నవాళ్లలో మన పిల్లలు బాగానే ఉన్నారు. ఎఫ్-1 (విద్యార్థి వీసా), హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదున్నవారి కుటుంబానిది), గ్రీన్ కార్డు (శాశ్వత నివాసం), అన్ని రకాలూ.

చట్టం ముందు వీటిలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు? సంతకం పెడితే, ధర్నాలో నిలబడితే ఎవరికి ఎంత ప్రమాదం? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. "చదువుకోడానికి వెళ్లారా, రాజకీయాలు చేయడానికి వెళ్లారా" అనే పోస్టులు మాత్రం దయచేసి వద్దు.

నల్లకోటు
మొదటి డిమాండ్ నిలవదు. కారణం సోలమన్ సవరణ. న్యూయార్క్ కాంగ్రెస్ సభ్యుడు జెరాల్డ్ సోలమన్ పేరు మీద 1994లో వచ్చింది. రిక్రూటర్లను రానివ్వని యూనివర్సిటీకి ఫెడరల్ నిధులు ఆపేయొచ్చని దాని సారాంశం. 2004లో ఇంకా బిగించారు. రానిస్తే చాలదు, మిగతా ఏ కంపెనీకి ఇచ్చే అవకాశానికైనా తీసిపోకుండా ఇవ్వాలి. అమెజాన్‌కి లాబీలో టేబుల్ ఇచ్చి ఆర్మీని బేస్‌మెంట్‌లో కూర్చోబెడితే అదీ ఉల్లంఘనే.

కోత ఎలా పడుతుందో సెనేట్ పిల్లలకు తెలియకపోవచ్చు. ఒక్క లా కాలేజీ కాదన్నా దెబ్బ మొత్తం యూనివర్సిటీకి తగులుతుంది. రక్షణ, హోమ్‌లాండ్ సెక్యూరిటీ, రవాణా, ఆరోగ్యం, విద్య, కార్మిక శాఖల గ్రాంట్లు పోతాయి. అంటే కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఆర్‌ఏ (పరిశోధన సహాయకుడి) జీతం దాకా వస్తుంది. విద్యార్థుల ఆర్థిక సాయానికి మాత్రం మినహాయింపు ఉంది కాబట్టి "పెల్ గ్రాంట్లు (పేద విద్యార్థులకిచ్చే ఫెడరల్ సాయం) ఆగిపోతాయి" అని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి.

కొన్ని లా స్కూళ్లు ఒక సంఘంగా ఏర్పడి దీనిమీద కోర్టుకెళ్లాయి. అప్పట్లో స్వలింగ సంపర్కులు బయటపడితే సైన్యంలో ఉండనిచ్చేవారు కాదు. వివక్ష చూపే యజమానిని క్యాంపస్‌లోకి ఎందుకు రానివ్వాలన్నది వాళ్ల వాదన. 2006 మార్చి 6న సుప్రీంకోర్టు 8-0తో కొట్టేసింది. తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్. టేబుల్‌కి చోటిచ్చినంత మాత్రాన వాళ్ల విధానాన్ని సమర్థించినట్టు కాదనీ, విద్యార్థులు, ప్రొఫెసర్లు ఎంత నిరసనైనా తెలపొచ్చనీ అందులోనే ఉంది. ఆ రెండో మాటను పట్టుకోవాలి.

ఓరుగల్లు_07
అన్నా, మరి చట్టం గింత గట్టిగుంటే ఏ కాలేజీ కూడా కాదనలేదా?

నల్లకోటు
అన్నారు. వెర్మాంట్ లా స్కూల్ ఏళ్ల తరబడి రానివ్వలేదు, నిధులు వదులుకుంది. విడిగా ఉన్న చిన్న లా స్కూల్ కాబట్టి పోయేది తక్కువ. 2004 నవంబరులో కింది అప్పీల్ కోర్టు చట్టాన్ని తప్పుబట్టగానే హార్వర్డ్ లా స్కూల్ తలుపు మూసింది, 2005లో మళ్లీ తెరిచింది. మొత్తం హార్వర్డ్‌కి ఏడాదికి వందల మిలియన్ల డాలర్లు పణంగా ఉన్నాయి మరి. స్టేట్ యూనివర్సిటీ ప్రెసిడెంట్ ఎవరూ ఆ సాహసం చేయరు. విద్యార్థి సెనేట్ తీర్మానం ఎలాగూ సలహా మాత్రమే.

నిమ్మచెట్టు
సలహా మాత్రమే అని తీసిపారేయకండి. 2005 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రతిపాదన ఐ అని ఓటింగుకి పెట్టారు, స్కూళ్లలో రిక్రూటర్లను వ్యతిరేకించే తీర్మానం అది. కట్టుబడాల్సింది కాదు, అయినా ఓటర్లు నెగ్గించారు. మరుసటి ఏడాది స్కూల్ బోర్డు జేఆర్‌ఓటీసీని (హైస్కూల్ పిల్లలకు సైనిక తరహా శిక్షణ) దశలవారీగా ఎత్తేయాలని ఓటేసింది. 2008లో ఓటర్లే జేఆర్‌ఓటీసీ వైపు మొగ్గారు, 2009లో బోర్డు వెనక్కి తగ్గింది. ఇటూ అటూ ఊగుతుంది, కానీ కదులుతుంది.

కదలనిది ఎక్కడంటే, స్థానిక చట్టంతో ఫెడరల్ ఉద్యోగిని ఆపాలని చూసినచోట. కాలిఫోర్నియాలోనే ఆర్కేటా, యురేకా ఊళ్లు 18 ఏళ్లలోపు పిల్లలతో రిక్రూటర్లు ముందుగా మాట కలపకూడదని 2008లో ఓటేసి చట్టం చేశాయి. ఫెడరల్ ప్రభుత్వం దావా వేసింది, కోర్టు ఆ చట్టాలను కొట్టేసింది, 2010లో తొమ్మిదో సర్క్యూట్ (ఫెడరల్ అప్పీల్ కోర్టు) ఆ తీర్పునే ఖాయం చేసింది.

గోదారిగట్టు గారూ, తీర్మానంలో "రిక్రూటర్లు రాకూడదు" అన్న వాక్యం తీసేసి "యజమానులందరికీ ఒకే నియమాలు" అని పెట్టించండి. కెరీర్ సెంటర్‌లో ముందుగా బుక్ చేసుకోవాలి. టేబుల్ దగ్గరే ఉండాలి. క్లాసు నుంచి క్లాసుకి నడిచే పిల్లల వెంటపడకూడదు. హాస్టల్ భవనాల్లోకి వెళ్లకూడదు. సెమిస్టర్‌కి ఇన్నిసార్లే అన్న పరిమితి ఉండాలి. ఇవన్నీ చట్టబద్ధమే, ఒక్క షరతు మీద: డెలాయిట్‌కీ మెరైన్లకీ ఒకే కాగితం. "యూనిఫాంలో వచ్చేవారు" అన్న పదం పడిందా, మొత్తం నియమం ఎగిరిపోతుంది.

బూటుచప్పుడు
ఇంకో వైపు కూడా రాయాలి కదా. లాబీలో టేబుల్ తీసేస్తే నష్టపోయేది ఎవరు? అప్పు లేకుండా డిగ్రీ చేయాలనుకునే పిల్లవాడు. 36 నెలల యాక్టివ్ సర్వీసు చేస్తే పోస్ట్-9/11 జీఐ బిల్ (సైన్యంలో పనిచేసినవారికి చదువు సాయం) కింద 36 నెలల చదువు, స్టేట్ యూనివర్సిటీలో ఇన్-స్టేట్ ఫీజు మొత్తం వస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు పౌరసత్వం దారి కూడా దగ్గరవుతుంది. మామూలుగా 5 ఏళ్లు ఆగాలి. 2001 సెప్టెంబరు 11 నుంచి ఇప్పటిదాకా లెక్కలో యుద్ధకాలమే కాబట్టి, గౌరవప్రదంగా సేవ చేస్తున్నట్టు ఎన్-426 ఫారం మీద సర్టిఫై అయితే ఎన్-400 (పౌరసత్వ దరఖాస్తు) వేయొచ్చు, ఫీజు లేదు. రిక్రూటర్ల టేబుల్ దగ్గర ఎవరూ ఎవరి చెయ్యి పట్టుకుని లాగరు.

నిమ్మచెట్టు
చెయ్యి పట్టుకోరు, ఫోన్ నంబరు పట్టుకుంటారు. జీఐ బిల్ నిజమే, కాదనను. ఆ పౌరసత్వం షరతుతో వచ్చేదని కూడా చెప్పాలి కదండీ. 5 ఏళ్ల సర్వీసు నిండకుండా, గౌరవప్రదం కాని డిశ్చార్జితో బయటపడితే అలా వచ్చిన పౌరసత్వాన్ని రద్దు చేయొచ్చు. టేబుల్ మీద కరపత్రంలో ఆ లైను కనపడదు.

రిజిస్ట్రార్‌కిటికీ
రెండో డిమాండ్ గురించి. ఇక్కడ చాలామంది పొరబడతారు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా.

సోలమన్ సవరణలోనే వివరాల భాగం కూడా ఉంది. 17 ఏళ్లు దాటిన విద్యార్థుల జాబితాను రిక్రూటర్లు సెమిస్టర్‌కి ఒకసారి అడగొచ్చు. అందులో ఉండేవి: పేరు, చిరునామా, ఫోన్, వయసు లేదా పుట్టిన సంవత్సరం, పుట్టిన ఊరు, ఏ ఇయర్, మేజర్, వచ్చిన డిగ్రీలు, అంతకుముందు చదివిన సంస్థ. పౌరసత్వం, వీసా రకం, సోషల్ సెక్యూరిటీ నంబరు, మార్కులు, క్రమశిక్షణ రికార్డు ఈ జాబితాలో లేవు. ఎవరైనా అడిగినా ఇవ్వకూడదు.

కానీ పుట్టిన ఊరు చూడండి. గుంటూరు, కరీంనగర్ అని ఒక గడిలో కనపడితే పౌరసత్వం గడి లేకపోయినా సగం తెలిసిపోయినట్టే. చాలా యూనివర్సిటీలు ఆ గడిని అసలు నింపవు. తమ దగ్గర లేని సమాచారం ఇవ్వాల్సిన పని లేదు. కాబట్టి "పెంటగాన్‌కి వివరాలు ఇవ్వొద్దు" అని అరవడం కన్నా "పుట్టిన ఊరు సేకరించొద్దు, సేకరించినా అవసరం తీరాక ఉంచొద్దు" అని అడగడం పనికొచ్చే డిమాండ్. ఐ-20 (ఎఫ్-1 కోసం కాలేజీ ఇచ్చే పత్రం) కోసం అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి ఆ వివరం కావాలి, అది సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ఫెడరల్ డేటాబేస్) విడిగా ఉంటుంది. విద్యార్థి సమాచార వ్యవస్థలోకి అది కాపీ అవుతోందా లేదా అన్నది అడగాల్సిన ప్రశ్న.

విద్యార్థి చేతిలో ఉన్న అస్త్రం ఫెర్పా. విద్యార్థి రికార్డుల గోప్యత మీద 1974 నాటి చట్టం. రిజిస్ట్రార్ దగ్గర డైరెక్టరీ సమాచారం (పేరు, చిరునామా లాంటి, బయటివాళ్లకు ఇవ్వగల వివరాలు) ఆపమని ఫారం ఇస్తే రిక్రూటర్ల జాబితాలో కూడా పేరు రాదు. పోర్టల్‌లో గోప్యత అన్న పేరుతో ఎక్కడో లోపల ఉంటుంది. జాబితా తీయకముందే పెట్టాలి, వెళ్లిపోయిన జాబితా వెనక్కి రాదు. సెమిస్టర్ మొదటి వారంలో పెట్టేయడం మంచిది.

దీనికి ఒక పెద్ద మెలిక ఉంది. రిక్రూటర్లకు మాత్రమే వద్దు, మిగతావాళ్లకు సరే అనే వెసులుబాటు కాలేజీ స్థాయిలో సాధారణంగా ఉండదు. ఆపితే అందరికీ ఆగుతుంది. గ్రాడ్యుయేషన్ పుస్తకంలో పేరు రాదు. అంతకన్నా ముఖ్యం, ఓపీటీకో (చదువయ్యాక పనిచేసే అనుమతి) హెచ్-1బీకో కంపెనీ డిగ్రీ వెరిఫికేషన్ చేసినప్పుడు నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ నుంచి "సమాచారం ఇవ్వలేం" అని వస్తుంది. హెచ్‌ఆర్ వాళ్లు దాన్ని దొంగ డిగ్రీ అనుకుంటారు. చివరి సెమిస్టర్‌లో, ఉద్యోగాల వేట మొదలవగానే ఆ హోల్డ్ తీయించుకోవాలి. చదువు అయిపోయినా అదంతట అది పోదు.

ఆస్టిన్ఆవకాయ
హైస్కూల్ సంగతి వేరు, అక్కడ వెసులుబాటు ఎక్కువ. 2002లో సంతకమైన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టంతో మొదలై 2015 చట్టంలోనూ కొనసాగుతోంది. పేరు, చిరునామా, ఫోన్ ఇవ్వాల్సిందే. తల్లిదండ్రులు రాతపూర్వకంగా వద్దంటే ఇవ్వకూడదు, పిల్లలకు 18 దాటితే వాళ్లే రాయొచ్చు. మిగతా డైరెక్టరీని ముట్టుకోకుండా మిలిటరీకి మాత్రమే వద్దనే గడి చాలా జిల్లాల ఫారంలో ఉంటుంది. స్కూల్ తెరిచినప్పుడు వచ్చే హ్యాండ్‌బుక్ కట్టలో ఉంటుంది ఆ కాగితం, ఎవరూ చదవరు. ఏటా మళ్లీ ఇవ్వాలా అన్నది జిల్లాని బట్టి మారుతుంది, ఆఫీసులో అడగండి.

రెండోది ఆస్వాబ్, అంటే సైన్యం పెట్టే అర్హత పరీక్ష. స్కూల్‌లో కెరీర్ పరీక్ష అని రాయిస్తారు. ఫలితాలు రిక్రూటర్లకు వెళ్లాలా వద్దా అన్నది స్కూల్ ఎంచుకునే ఆప్షన్ మీద ఉంటుంది. ఆప్షన్ 8 పెడితే వెళ్లవు. మేరీల్యాండ్ 2010లో ఆ ఆప్షన్‌నే తప్పనిసరి చేసింది. మిగతా చాలాచోట్ల కౌన్సెలర్ ఏది టిక్ పెడితే అదే. పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) మీటింగ్‌లో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మన స్కూల్ ఏ ఆప్షన్‌లో ఉంది?

ఈ రెండూ ఆపినా ఇంటికి ఉత్తరాలు వస్తే కంగారు పడకండి. పెంటగాన్‌కి జామ్స్ అని వేరే డేటాబేస్ ఉంది, 16 నుంచి 25 ఏళ్లవాళ్ల వివరాలతో. డ్రైవింగ్ లైసెన్స్ విభాగాలు, సెలెక్టివ్ సర్వీస్ (నిర్బంధ సైనిక సేవ కోసం పేర్లు నమోదు చేసే సంస్థ), డేటా అమ్మే కంపెనీల నుంచి తెచ్చుకుంటారు. న్యూయార్క్‌లో విద్యార్థులు వేసిన దావా 2007లో రాజీ అయ్యాక సోషల్ సెక్యూరిటీ నంబర్లు తీసుకోవడం మానేశారు. అందులోంచి తప్పుకోడానికి విడిగా రాయాలి.

పచ్చకార్డు
సెలెక్టివ్ సర్వీస్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. హెచ్-4 మీద పెరిగిన అబ్బాయికి 19 ఏళ్లకి గ్రీన్ కార్డు వస్తే నమోదు చేసుకోవాలా? చేసుకుంటే సైన్యంలో చేరినట్టా?

నల్లకోటు
చేరినట్టు కాదు. డ్రాఫ్ట్ (నిర్బంధ సైనిక సేవ) 1973లో ఆగింది, ఇది పేర్ల చిట్టా మాత్రమే. కానీ చేసుకోవాలి, గ్రీన్ కార్డు వచ్చిన 30 రోజుల్లో. 18 నుంచి 25 వరకు ఉన్న మగపిల్లలందరికీ వర్తిస్తుంది: పౌరులు, గ్రీన్ కార్డు వాళ్లు, శరణార్థులు, ఆశ్రయం కోరినవాళ్లు, పత్రాలు లేనివాళ్లు కూడా. చెల్లుబాటయ్యే ఎఫ్-1, హెచ్-4 లాంటి వీసా స్టేటస్‌లో ఉన్నంతకాలం మినహాయింపు. స్టేటస్ పోయి 26 లోపు ఇక్కడే ఉంటే మినహాయింపూ పోతుంది. 26 నిండితే ఇక నమోదు చేసుకోనివ్వరు.

దెబ్బ పడేది పౌరసత్వం దగ్గర. ఎన్-400లో ప్రశ్న ఉంటుంది. 26-31 మధ్య దరఖాస్తు చేసేవాళ్లు, తెలిసి కావాలని మానలేదని నిరూపించుకోవాలి. సెలెక్టివ్ సర్వీస్ నుంచి స్టేటస్ ఇన్ఫర్మేషన్ లెటర్ తెచ్చుకుని, ప్రమాణ పత్రం జతచేయాలి. 31 దాటితే సాధారణంగా అడ్డు కాదు. ఆ వయసంతా వీసా మీదే గడిపినవాళ్లు పాత ఐ-20లు, ఐ-797లు (స్టేటస్ ఆమోద పత్రాలు), ఐ-94లు (దేశంలోకి వచ్చిన రికార్డులు) పారేయకండి, మినహాయింపుకి రుజువు అవే.

2025 డిసెంబరులో సంతకమైన రక్షణ చట్టంలో ఆటోమేటిక్ నమోదు పెట్టారు, అమలుకి ఏడాది గడువు ఇచ్చారు. ప్రభుత్వమే చేస్తుందిలే అని ఊరుకోకుండా సైటులో పేరుందో లేదో చూసుకోండి. ఫాఫ్సాకీ (ఫెడరల్ చదువు సాయం దరఖాస్తు) దీనికీ ఉన్న ముడి మాత్రం 2020 చట్టంతో తెగింది.

ఓరుగల్లు_07
ఎఫ్-1 మీదున్నోళ్లు ఆర్మీల చేరితే సిటిజన్‌షిప్ ఇస్తరని వాట్సాప్ గ్రూపుల మస్తు తిరుగుతున్నది. నిజమేనా?

బూటుచప్పుడు
పాత కబురు. మావ్నీ అనే సైన్యం పథకం ఉండేది, 2009 మొదట్లో చేర్చుకోవడం మొదలుపెట్టారు. కనీసం 2 ఏళ్లు చట్టబద్ధంగా ఇక్కడ ఉండి, వైద్యులో లేక కావాల్సిన భాష తెలిసినవారో అయితే వీసా మీద నుంచే తీసుకునేవారు. హిందీ లాంటి మన దేశ భాషలు కూడా జాబితాలో ఉండేవి. 10 వేల మందికి పైగా చేరారు. 2016 సెప్టెంబరులో అదనపు భద్రతా తనిఖీలు పెట్టారు, అక్కడితో కొత్త ఒప్పందాలు ఆగాయి. ఇప్పుడు మనవాళ్లలో పౌరులు, గ్రీన్ కార్డు వాళ్లే చేరగలరు. ఆఫీసర్ కావాలంటే పౌరసత్వం ఉండాలి. ఆర్‌ఓటీసీ (కాలేజీలో ఆఫీసర్ శిక్షణ) స్కాలర్‌షిప్‌కి కూడా అంతే. సెక్యూరిటీ క్లియరెన్స్ కావాల్సిన ఉద్యోగాలు గ్రీన్ కార్డు వాళ్లకు దొరకవు కాబట్టి సైబర్, ఇంటెలిజెన్స్ అని ఆశపెడితే నమ్మొద్దు.

మావ్నీ చివర్లో ఏం జరిగిందో మాత్రం గుర్తుంచుకోవాలి. ఒప్పందం మీద సంతకం పెట్టి శిక్షణ తేదీ కోసం ఎదురుచూస్తున్నవాళ్ల తనిఖీలు ఏళ్ల తరబడి సాగాయి. ఆ ఎదురుచూపు వీసాని పొడిగించలేదు. ఈలోగా ఎఫ్-1 అయిపోయినవాళ్లు స్టేటస్ లేకుండా మిగిలారు. కొందరిని కారణం చెప్పకుండా డిశ్చార్జ్ చేశారు. కోర్టులకెళ్లి కొన్ని ఊరటలు తెచ్చుకున్నారు. సైన్యం మీద గౌరవం ఉన్నవాడిగానే చెప్తున్నా, అది అన్యాయం.

నల్లకోటు
దీనికి జతగా ఒక హెచ్చరిక. ఈ చర్చ మొత్తంలో ఒక్కటే చదివేట్టయితే ఇది చదవండి.

రిక్రూటర్ ఇచ్చే టాబ్లెట్‌లో గానీ, డీడీ ఫారం 1966లో (సైన్యంలో చేరే దరఖాస్తు) గానీ పౌరసత్వం గడి ఉంటుంది. రిక్రూటర్ తొందరలో "యూఎస్ సిటిజన్" అని నింపేసి సంతకం పెట్టమంటే పెట్టకండి. పౌరుడిని కాకుండా పౌరుడినని ప్రయోజనం కోసం చెప్పుకుంటే వలస చట్టంలో శాశ్వత నిషేధం, గ్రీన్ కార్డుకి దాదాపు మాఫీ లేదు. "ఆయనే నింపాడు" అనే జవాబు చాలా బలహీనం, సంతకం మనదే కదా.

ఇంకోటి ఎవరూ ఊహించరు. 1993 నాటి ఓటరు నమోదు చట్టం ప్రకారం ప్రతి సైనిక రిక్రూటింగ్ ఆఫీసూ ఓటరు నమోదు కేంద్రమే. లోపలికి వెళ్లినవాళ్లకు ఆ ఫారం కూడా ఇస్తారు. గ్రీన్ కార్డు ఉన్న అబ్బాయి కాగితాల కట్టతో పాటు దానిమీదా సంతకం చేసేస్తే, సైన్యంలో చేరాక పౌరసత్వం ఇంటర్వ్యూలో అదే ఉరితాడు. "వద్దు" అన్న గడి టిక్ పెట్టి ఇచ్చేయాలి.

బూటుచప్పుడు
ఇది నూటికి నూరు శాతం. డీడీ ఫారం 4 (చేరిక ఒప్పందం) గురించి కూడా: ఒప్పందం 4 ఏళ్లని చెప్పినా మొత్తం బాధ్యత 8 ఏళ్లు, మిగతాది రిజర్వ్‌లో. బోనస్, ఉద్యోగం, ఊరు, ఏది నోటిమాటగా ఇచ్చినా అనుబంధంలో రాసి లేకపోతే లేనట్టే. ప్రమాణం రెండుసార్లు ఉంటుంది. మొదటిసారి చేసిన తర్వాత ఆలస్య చేరిక దశలో ఉంటారు. ఆ దశలో మనసు మారితే రిక్రూటింగ్ స్టేషన్ కమాండర్‌కి ఉత్తరం రాసి బయటికి రావొచ్చు. "జైలుకెళ్తావ్", "గ్రీన్ కార్డు పోతుంది" అనే బెదిరింపులు అబద్ధాలు. బస్సెక్కే రోజున రెండో ప్రమాణం అయ్యాక మాత్రం ఆ దారి లేదు.

గోదారిగట్టు
అందరికీ ధన్యవాదాలు. ధర్నా సంగతి ఇంకా రాలేదు.

నల్లకోటు
మాట్లాడే హక్కు వీసా వాళ్లకూ ఉంది. 2025 సెప్టెంబరు 30న బోస్టన్‌లో జడ్జి విలియం యంగ్ ప్రొఫెసర్ల సంఘం కేసులో ఇదే గట్టిగా రాశారు. ఇక్కడ చట్టబద్ధంగా ఉన్న విదేశీయులకు పౌరులతో సమానంగా మొదటి సవరణ (రాజ్యాంగంలోని వాక్ స్వేచ్ఛ) వర్తిస్తుందని, అభిప్రాయాల కోసం దేశం నుంచి పంపే విధానం రాజ్యాంగ విరుద్ధమని. పోరు అక్కడితో ముగిసిందని అనుకోవద్దు. టఫ్ట్స్ విద్యార్థిని రుమేసా ఓజ్‌తుర్క్ కాలేజీ పత్రికలో వ్యాసం రాసిన నలుగురిలో ఒకరు. వీసా రద్దయినట్టు ఆమెకు చెప్పనే లేదు, 2025 మార్చి 25న వీధిలో పట్టుకున్నారు, ఆరు వారాలకు పైగా నిర్బంధం తర్వాత కోర్టు విడిపించింది. గెలిచినా ఆ ఆరు వారాలు ఎవరూ తిరిగివ్వరు.

కాబట్టి ప్రమాదాన్ని మెట్లుగా చూడాలి. తీర్మానం మీద సంతకం, కరపత్రం, టేబుల్ పక్కన ప్లకార్డుతో నిలబడటం: చట్టం దృష్టిలో తప్పు కాదు, ఈ రోజుల్లో సున్నా ప్రమాదమూ కాదు. టేబుల్‌కి అడ్డంగా కూర్చోవడం, పోలీసు వెళ్లమన్నాక వెళ్లకపోవడం: పౌరుడికి జరిమానాతో పోయేది, ఎఫ్-1కి చదువే పోవచ్చు.

ఎలా పోతుందంటే, అరెస్టు కన్నా ముందు కాలేజీ క్రమశిక్షణ కమిటీయే దెబ్బ కొడుతుంది. సస్పెండ్ చేస్తే పూర్తి క్రెడిట్లు ఉండవు. క్రెడిట్లు లేకపోతే డీఎస్‌ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల అధికారి) సెవిస్ రికార్డు ముగించాలి. ఉల్లంఘనగా ముగిస్తే గ్రేస్ పీరియడ్ ఒక్క రోజు కూడా లేదు. అనుమతితో తప్పుకుంటే 15 రోజులు ఉంటుంది. అందుకే కమిటీ నుంచి ఈమెయిల్ రాగానే, జవాబు రాయకముందే, ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. "తప్పయింది" అని అక్కడ రాసేది తర్వాత ఎక్కడైనా బయటపడొచ్చు. 2025 ఏప్రిల్‌లో వేల సెవిస్ రికార్డులు ముగించినప్పుడు ఆధారం పోలీసు డేటాబేస్‌లో పేరు తగలడమే. కొట్టేసిన కేసులు, చిన్న ట్రాఫిక్ కేసులు కూడా అందులో ఉన్నాయి. వరసగా కోర్టు ఆదేశాలు వచ్చాక ఆ నెల 25న పునరుద్ధరిస్తామన్నారు.

మోడరేటర్
రెండు పోస్టులు తొలగించాం. "అయితే మన పిల్లలు నోరు మూసుకోవాలి" అని ఒకరు, దానికి ఇంటి పేర్లు తీసి జవాబు మరొకరు. విషయం మీద ఉండండి.

నిమ్మచెట్టు
ధర్నాలో పని పంచుకోవడం నేర్చుకోవాలి. మైకు పట్టుకునేది, పోలీసుతో మాట్లాడేది పౌరులు. వీసా ఉన్నవాళ్లు చట్టం చదివి పెట్టడం, రిజిస్ట్రార్‌కి అర్జీలు రాయడం చేయొచ్చు. 2005లో శాంటాక్రూజ్‌లో విద్యార్థులు కెరీర్ ఫెయిర్‌లో గోల చేసి రిక్రూటర్లను పంపించేశారు. ఆ నిరసన పెంటగాన్ టాలన్ డేటాబేస్‌లో నమ్మదగిన ముప్పు అన్న ముద్రతో ఎక్కింది. అది సోషల్ మీడియా తనిఖీలు లేని కాలం. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా ఇంటర్వ్యూకి ఖాతాలు పబ్లిక్‌గా పెట్టమంటున్నారు. ఫొటోలు తీసి ట్యాగ్ చేసేవాళ్లు ఆలోచించండి. సెలవులకు ఊరెళ్లి హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్ ఉన్నవాడిని ట్యాగ్ చేస్తే వాడికి చేసిన మేలు ఏమీ లేదు.

రిక్రూటర్ల పక్కనే మన టేబుల్ పెట్టుకునే హక్కు గురించి: హైస్కూళ్లలోనే 1986లో తొమ్మిదో సర్క్యూట్, 1989లో పదకొండో సర్క్యూట్ ఒప్పుకున్నాయి. సైన్యం గురించి ఒక వైపు చెప్పనిస్తే రెండో వైపుని కూడా చెప్పనివ్వాలని. నా దృష్టిలో పది నిషేధ తీర్మానాల కన్నా, పక్కన ఒక టేబుల్, దానిమీద డీడీ ఫారం 4 జిరాక్స్ కాపీ ఎక్కువ పని చేస్తాయి.

రిజిస్ట్రార్‌కిటికీ
మూడో డిమాండ్, సురక్షిత ప్రాంతం. ఆ మాటకి చట్టబలం లేదు. బడులు, ఆసుపత్రుల దగ్గర అరెస్టులు తగ్గించుకోవాలన్న పాత ఐస్ (వలస చట్టాలు అమలు చేసే సంస్థ) మార్గదర్శకాన్ని 2025 జనవరిలో ఎత్తేశారు. ప్రకటన నమ్మి పిల్లలు అజాగ్రత్తగా ఉంటే అదో ప్రమాదం. దాని బదులు ఇలా అడగండి: లైబ్రరీ ముందు గడ్డి మైదానం అందరిదీ, అక్కడ ఆపలేరు. హాస్టల్ గదులు, కార్డు గీస్తే తెరుచుకునే ల్యాబులు, ఆఫీసుల వెనక భాగం ప్రైవేటు. అక్కడికి రావడానికి జడ్జి సంతకం ఉన్న వారెంట్ చూపమని సిబ్బంది అడగాలి. ఐ-200, ఐ-205 అని పైన ఉంటే అది ఐస్ అధికారి సంతకం చేసిన పరిపాలనా వారెంట్, కోర్టుది కాదు. ముందు డెస్కులో కూర్చునే విద్యార్థి ఉద్యోగికి ఈ తేడా తెలియదు, భయపడి తలుపు తీస్తాడు. తీశాడంటే అది సమ్మతి అయిపోతుంది. తనంతట తాను నిర్ణయించకుండా లీగల్ ఆఫీసుకి ఫోన్ చేయాలన్న రాతపూర్వక నియమం, ఆ నంబరు డెస్కు మీద అంటించి ఉండటం, ఇంతే కావాల్సింది.

ఒక మినహాయింపు: ఎఫ్-1 వాళ్ల సెవిస్ వివరాలు అడిగితే ఐస్‌కి ఇవ్వడం యూనివర్సిటీ బాధ్యత, ఫెర్పా అడ్డు రాదు.

పచ్చకార్డు
చివరగా ఒక సందేహం. మావాడు చేరతానంటున్నాడు, నేను ఆపదలుచుకోలేదు. ఇండియా వైపు ఏమైనా ఇబ్బందులున్నాయా?

బూటుచప్పుడు
ఉంది, రిక్రూటర్‌కి తెలియనిది. అమెరికా పౌరసత్వం తీసుకోగానే భారత పౌరసత్వం పోతుంది, అది అందరికీ తెలుసు. ఆ తర్వాత మామూలుగా ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డు) తీసుకుంటాం. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవారికీ, రిటైరైనవారికీ ఓసీఐ ఇవ్వరు. నిబంధనల్లోనే ఉంది. అంటే అమ్మమ్మని చూడటానికి వచ్చిన ప్రతిసారీ వీసా, అదీ మిలిటరీ వివరాలన్నీ రాసి. ఊళ్లో ఉమ్మడి ఆస్తులుంటే ఓసీఐ లేకుండా రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనులెలా జరుగుతాయో ముందే కనుక్కోండి.

గోదారిగట్టు
సవరించిన తీర్మానం పెడుతున్నా, తప్పులుంటే చెప్పండి.
"క్యాంపస్‌కి వచ్చే యజమానులందరికీ టేబుల్ బుకింగ్, చోటు, సందర్శనల సంఖ్య విషయంలో ఒకే నియమాలు ఉండాలి. భిన్నాభిప్రాయం చెప్పదలచిన విద్యార్థి సంఘాలకూ అదే లాబీలో టేబుల్ ఇవ్వాలి. రిజిస్ట్రార్ ప్రతి సెమిస్టర్ మొదటి వారంలో డైరెక్టరీ హోల్డ్ గురించి, దానివల్ల డిగ్రీ వెరిఫికేషన్‌కి వచ్చే ఇబ్బందితో సహా, విద్యార్థులందరికీ ఈమెయిల్ పంపాలి. పుట్టిన ఊరిని విద్యార్థి సమాచార వ్యవస్థ నుంచి తొలగించాలి. ప్రైవేటు ప్రాంతాల్లోకి ప్రవేశం కోరే అధికారుల విషయంలో డెస్కు సిబ్బంది లీగల్ ఆఫీసుకి ఫోన్ చేయాలి. క్రమశిక్షణ నోటీసు అందుకున్న అంతర్జాతీయ విద్యార్థికి లాయర్‌ని సంప్రదించేందుకు కనీసం 10 పనిదినాలు ఇవ్వాలి."

రిజిస్ట్రార్‌కిటికీ
"తొలగించాలి" అన్నచోట "ఇకపై సేకరించరాదు" అని మార్చండి. రిక్రూటర్ల అభ్యర్థన ఇప్పటికే వచ్చి ఉంటే, ఆ తర్వాత ఉన్న సమాచారాన్ని చెరిపేయడం సోలమన్ సవరణ కింద కొత్త తగాదా అవుతుంది.

నల్లకోటు
అవును. "విద్యార్థి సంఘాలకూ" పక్కన "రిజిస్టర్ అయిన" అని కూడా చేర్చండి, లేకపోతే బయటి సంస్థలన్నీ టేబుల్ అడుగుతాయి. మిగతాది బాగుంది, పెట్టేయండి.